గడప ఇవతలి పీట

ఆ రోజు ఇంట్లో ఉన్నది ఐదుగురు. మధ్య గదిలో మంచం మీద కొమురమ్మ. ముందు గదిలో పేపరు చదువుతూ ఆమె కొడుకు భాస్కర్. వంటింట్లో కోడలు జమున. మేడ మీద ఇంకా నిద్ర లేవని మనవరాలు రచన. ఐదో మనిషి బాలలక్ష్మి. జమునను అడిగితే నలుగురమే అని చెప్పేది. అబద్ధమాడాలని కాదు. బియ్యం కొలిచేటప్పుడు బాలలక్ష్మిని కలిపే కొలుస్తుంది. మనుషులను లెక్కబెట్టేటప్పుడు మాత్రం ఎందుకో గుర్తుకు రాదు.

బాలలక్ష్మి పని అప్పటికే మొదలై చాలాసేపయింది. కొమురమ్మను మెల్లగా ఎడమ పక్కకు తిప్పి, ఒక చేయి భుజం కింద ఆనించి, రెండో చేత్తో తడిసిన బట్ట లాగి పొడి బట్ట పరుస్తోంది. కొమురమ్మ తొంభైకి దగ్గర పడిన మనిషి. చర్మం బీడీలకు నానబెట్టిన తునికాకులా మెత్తగా, గీతలు గీతలుగా ఉంటుంది. కొంచెం గట్టిగా పట్టినా వేళ్ళ అచ్చులు పడతాయి. అందుకే బాలలక్ష్మి అరచేత్తోనే పడుతుంది, వేళ్ళు తగలనివ్వదు. అవి చిన్నప్పటి నుంచి బీడీలు చుట్టిన వేళ్ళు. కుడి బొటనవేలి గోరు మందంగా, పచ్చబడి, కొస వంకర తిరిగి ఉంటుంది. చాట ఒళ్ళో పెట్టుకుని తల వంచి బతికిన మెడ, ఇప్పుడు చాట లేకపోయినా వంగే ఉంటుంది.

"లేవు అవ్వా. ఇయ్యాల నీకు సన్మానమట."

"ఏంది?"

"సన్మానం. పెద్ద పెద్ద సార్లు అస్తున్నరు నీ కోసం."

కొమురమ్మ కాసేపు ఆలోచించినట్టు చూసింది. తర్వాత రోజూ అడిగేదే అడిగింది.

"నన్ను జర బయట కూసోవెట్టు బిడ్డా."

మంచం కింద చెయ్యి పెట్టి తడిమింది కూడా. అక్కడ ఆమె పీట ఉంటుంది. మూడు కాళ్ళ పాత టేకు పీట. కూర్చుని కూర్చుని మధ్యలో గిన్నెలా గుంట పడింది. కొమురమ్మ భర్త తాటిచెట్లు గీసేవాడు. ఆయన దింపిన కల్లును కొమురమ్మ ఈ పీట మీద, ఇంటి ముందరి మట్టి అరుగు మీద కూర్చుని అమ్మేది. కల్లు లొట్టి వంచి తాటాకు రేకలో పోసేటప్పుడు ఒక్క చుక్క కింద పడేది కాదట. కోరుట్లలో ఎవరు ఎట్లా నడుస్తారో ఆమెకు తెలుసు. మొహం చూడకుండా కాళ్ళు చూసి పేరు పెట్టి పిలిచేది. భాస్కర్ బహ్రెయిన్ నుంచి తిరిగొచ్చి టైల్స్ దుకాణం పెట్టి, పాత గోడలు తీసి స్లాబు వేసినప్పుడు అరుగు పోయింది. దాని చోట నున్నటి గ్రానైట్ మెట్లు వచ్చాయి.

కిందటేడు వానల్లో కొమురమ్మ పీట పట్టుకుని బయటికి వెళ్ళి, ఆ మెట్ల మీదే జారింది. తుంటి విరిగింది. జగిత్యాలలో ఆపరేషన్ చేసి రాడ్ వేశారు. ఇంకోసారి పడితే ఇక లేవదు అన్నాడు డాక్టర్. భాస్కర్ ఆ రాత్రంతా ఆస్పత్రి మెట్ల మీద చిన్నపిల్లవాడిలా ఏడ్చాడని జమునే చెప్పింది. ఇంటికి రాగానే ముందు తలుపుకు కొత్త తాళం పెట్టించాడు. మధ్య గదిలో గడియారం పక్కన, ముందు గదిలో కుర్చీ దాకా కనబడేలా, నిమ్మకాయంత కెమెరా బిగించాడు. దుకాణంలో కూర్చుని ఫోనులో తల్లిని చూసుకుంటాడు. అవసరమైతే అందులోంచి మాట్లాడతాడు కూడా. ఆయన దుకాణానికి, జమున బజారుకు, రచన కాలేజీకి వెళ్ళినప్పుడు తాళం బయటి నుంచి పడుతుంది. ఇద్దరు ముసలివాళ్ళు లోపల ఉంటారు. ఒకామెకు కాపలా రెండో ఆమె.

"ఒక్కపారి గడప దాటిచ్చినవంటే నీ సంచి గూడ గడప దాటుతది, చెప్తున్న," అని జమున మొదటి రోజే అన్నది.

బాలలక్ష్మి సంచి మూలన మేకుకు వేలాడుతూ ఉంటుంది. అందులో రెండు చీరలు, ఒక దువ్వెన, బీడీల కత్తెర. ఆమెది రుద్రంగి. మనువాడి సిరిసిల్లకు పోయింది. మగడు వెంకటేశం బట్ట నేసే మరమగ్గాలు, సాంచాలు నడిపేవాడు. ఆ మోతకు చెవులు పోయి ఇంట్లో కూడా అరిచి మాట్లాడేవాడు. ఆయన పోయాక ఇల్లు మరీ నిశ్శబ్దమై ఆమెకు నిద్ర పట్టేది కాదు. బిడ్డ జ్యోతి దగ్గర కొన్నాళ్ళుంది. జ్యోతికి ఉన్నది ఒక్కటే గది. రాత్రి అందరూ పడుకుంటే బాలలక్ష్మి కాళ్ళు వాకిట్లో ఉండేవి. అల్లుడు ఏమీ అనేవాడు కాదు. లేచి వెళ్ళేటప్పుడు ఆమె కాళ్ళ మీదుగా దాటేవాడు, అంతే. కోరుట్లలో ముసలామెను చూసుకోవడానికి మనిషి కావాలని ఎవరో చెబితే, ఆ మాట ముగియకముందే సంచి సర్దుకుంది.

ఇక్కడ కాళ్ళు లోపలే ఉంటాయి. తల, కాళ్ళు, అన్నీ లోపలే.

"అవ్వా, రేపు కూసోవెడ్త," అంది, రోజూ అన్నట్టే. వేడి నీళ్ళలో బట్ట ముంచి కొమురమ్మ మెడ తుడిచింది. వేళ్ళ సందులు తుడిచింది. తల దువ్వి, ఉన్న నాలుగు వెంట్రుకలను ముడి వేసింది. జమున ఇచ్చిన కొత్త చీర కట్టి, భాస్కర్‌ను పిలిచి, ఇద్దరూ కలిసి ఎత్తి ముందు గదిలో కుర్చీలో కూర్చోబెట్టారు.

పొద్దెక్కాక వయోవృద్ధుల సంఘం వాళ్ళు వచ్చారు. హాలుకు రాలేని పెద్దలకు ఇళ్ళకే వెళ్ళి సన్మానం చేస్తున్నారు. అధ్యక్షుడు గంగాప్రసాద్ తహశీల్ ఆఫీసులో పనిచేసి రిటైరైన మనిషి. గ్రానైట్ మెట్లెక్కి వచ్చేసరికి మోకాళ్ళు పట్టుకుని ఆయాసపడ్డాడు.

"భాస్కర్, ఏం మెట్లు పెట్టించినవయ్యా! వచ్చే ఏడు నాకు గూడ ఇంటికే అచ్చి శాలువ కప్పాలె మీరు."

అందరూ నవ్వారు. ఫోటోగ్రాఫర్ కుర్చీ వైపు గురి చూసి చెయ్యి ఊపాడు.

"అమ్మా, నువ్వు జర పక్కకు జరుగు."

బాలలక్ష్మి జరిగింది. ఆమె జరగగానే కొమురమ్మ కూడా కుర్చీలో అటే ఒరిగింది. మళ్ళీ నిలబెట్టారు, మళ్ళీ ఒరిగింది.

"నువ్వు కుర్సీ ఎనుక కూసో," అంది జమున. "కనవడకుంట పట్టుకో."

బాలలక్ష్మి కుర్చీ వెనుక గొంతుక్కూర్చుంది. కుర్చీ సందులోంచి చెయ్యి పెట్టి కొమురమ్మ వీపుకు అరచెయ్యి ఆనించింది. వెన్నెముక చిన్న రాళ్ళ వరుసలా తగిలింది. ముందు ఏం జరుగుతున్నదో ఆమెకు కనిపించలేదు. శాలువ వచ్చి కొమురమ్మ భుజాల మీద పడింది. దాని అంచు జారి బాలలక్ష్మి చేతిని కూడా కప్పేసింది. తర్వాత బంతిపూల దండ. తర్వాత గంగాప్రసాద్ గొంతు సవరించుకున్నాడు.

"పెద్దలంటే మనకు నడిచే దేవుళ్ళు. వాళ్ళకు కావలసింది ఏంది? రెండు మంచి మాటలు. జర ఓపిక. వాళ్ళ మనసుల ఏమున్నదో అడిగి తెలుసుకునుడు..."

కొమురమ్మ చెయ్యి చాపింది. తెరిచి ఉన్న తలుపు వైపు చాపింది. గంగాప్రసాద్ మాట ఆపి, గబగబా వచ్చి, ఆ చెయ్యి కింద తల వంచి నిలబడ్డాడు.

"ఆశీర్వాదం! తియ్యి తియ్యి, ఫోటో తియ్యి!"

తర్వాత ఒకరి వెనుక ఒకరు వచ్చి కొమురమ్మ కాళ్ళు మొక్కారు. ఎవరో కొబ్బరికాయ చేతిలో పెట్టారు. అది బరువై ఒళ్ళోకి జారింది. కొమురమ్మ వీపు బిగుసుకోవడం బాలలక్ష్మి అరచేతికి తెలిసింది.

"బాలలక్ష్మీ," అని పిలిచింది కొమురమ్మ, అందరికీ వినబడేలా. "నేను సచ్చిన్నా ఏందే?"

మొక్కడానికి వంగిన మనిషి లేచి నిలబడ్డాడు.

"గట్ల అనకవ్వా," అంది కుర్చీ వెనుక నుంచి బాలలక్ష్మి.

"మరి గీ బట్ట కప్పుడేంది? గీ దండేంది? ఒకలెనుక ఒకలు కాళ్ళు మొక్కుడేంది? గిట్ల సచ్చినోళ్ళకే గదా చేస్తరు."

"నువ్వు బతికే ఉన్నవు అత్తమ్మా," అంది జమున, నవ్వాలో వద్దో తెలియక. "నీకు సన్మానం చేస్తున్నరు."

కొమురమ్మ ఆ మాట వినలేదు. ఆమె మొహంలో భయం లేదు. చాలా రోజుల తర్వాత ఒక పని కుదిరిన మనిషి మొహంలా ఉందది.

"సచ్చిన్నంటే మంచిదే. బట్ట గప్పిన్రు, దండేసిన్రు. ఇగ వాకిట్లకు తియ్యిన్రి. పీనుగను ఇంట్ల ఉంచుతరా ఎవలన్న? తియ్యిన్రి బిడ్డా, జల్ది తియ్యిన్రి."

ఎవరో కిసుక్కున నవ్వారు. "మా అవ్వకు మతి సక్కగ లేదు సార్," అన్నాడు భాస్కర్. అని మొహం పక్కకు తిప్పుకుని కళ్ళద్దాలు తుడుచుకున్నాడు. గంగాప్రసాద్ కుర్చీ వెనుకకు తొంగి చూశాడు. "నీకెంత వయసుంటదమ్మా?"

"కార్డుల అరవై తొమ్మిదేసిన్రు సారూ."

"అట్లనా," అన్నాడాయన. ఇంకేదో అనబోయాడు. బయట ఆటో హారన్ కొట్టింది. ఇంకా రెండిళ్ళకు పోవాలి. మెట్లు దిగిపోయాడు.

సన్మానం అయినవాళ్ళ ఇంటివాళ్ళకు హాల్లో భోజనాలు పెట్టారు. భాస్కర్, జమున వాళ్ళతో వెళ్ళారు. రచన ఫోటోలు ఫోనులో పెట్టుకోవడానికి మేడ మీదికి పోయింది. బాలలక్ష్మి కొమురమ్మను కుర్చీలోనే ఉంచి, దండ తీసి పక్కన పెట్టింది. రెండు ముద్దలు అన్నం మెత్తగా పిసికి తినిపించింది. నీళ్ళ గ్లాసు పట్టుకుని వస్తూ తలుపు వైపు చూసి ఆగిపోయింది.

తలుపు దగ్గరికి వేసి ఉంది. తాళం పడలేదు. జమున చేతిలో స్వీట్ల డబ్బాలు, పూలు, ఫోను. రచన ఉంది కదా అనుకుందో, హడావిడిలో మరిచిపోయిందో. తలుపు సందులోంచి సన్నటి ఎండ గీత గచ్చు మీద పడి, కొమురమ్మ పాదం దాకా వచ్చింది.

కొమురమ్మ కూడా దాన్నే చూస్తోంది. ఈసారి ఏమీ అడగలేదు.

బాలలక్ష్మి మేకుకు ఉన్న సంచి వైపు చూసింది. జ్యోతి గది, వాకిట్లో తన కాళ్ళు, వాటి మీదుగా దాటే అల్లుడు గుర్తుకొచ్చారు. గ్లాసు కింద పెట్టింది. మధ్య గదిలోకి వెళ్ళి మంచం కింద నుంచి పీట లాగింది. తెచ్చి గడపకు ఇవతల, లోపలి వైపునే వేసింది. గడప దాటించలేదు. ఎవరైనా అడిగితే ఆ మాటైనా చెప్పుకోవచ్చు. కొమురమ్మను రెండు చంకల కింద పట్టి లేపింది. ఒక్కతే ఎప్పుడూ లేపలేదు. ఇద్దరి ఊపిరీ ఒక్కటే అయినట్టు, ఒక అడుగు, ఆగి, ఇంకో అడుగు. పీట మీద కూర్చోబెట్టి, తాను వెనుక మోకాళ్ళ మీద ఆనుకుని, ఒక చెయ్యి చాపి తలుపు తెరిచింది.

వీధి కనిపించింది. పెద్దగా ఏం లేదు. ఎదురింటి గోడ, ఒక స్కూటర్, తంగేడు పూల మోపు నెత్తిన పెట్టుకుని పోతున్న ఒక ఆడమనిషి, మురికి కాలువ పక్కన మేక. కొమురమ్మ మొహం ఎండకు ముడుచుకుంది, తర్వాత మెల్లగా విచ్చుకుంది. గుంట పడిన ఆ పీటలో ఆమె ఒరగకుండా కూర్చుంది. బాలలక్ష్మి చెయ్యి తీసి చూసింది. ఒరగలేదు.

వీధిలో ఒక ముసలాయన కర్ర పొడుచుకుంటూ పోతున్నాడు. ఎడమ కాలు కొంచెం ఈడుస్తున్నాడు.

"హన్మంతూ," అంది కొమురమ్మ.

ఆయన ఆగి అటూ ఇటూ చూశాడు. తలుపులో ఆమెను చూసి నోరు తెరిచాడు. "వదినే! ఉన్నవా ఇంకా?"

"ఏమో, పొద్దుగాల సచ్చిన్ననే అనుకున్న."

"సచ్చినా బతికినా నీ తాన కల్లు మాత్రం నీళ్ళే గదా."

"నీళ్ళైతె తాగి తాగి కాలువల ఎందుకు పడ్డవురా ముండకొడుకా?"

హన్మంతు కర్ర మీద వాలి, దగ్గు వచ్చేదాకా నవ్వాడు. కొమురమ్మ భుజాలు కూడా కదిలాయి. బాలలక్ష్మి ఆ ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆ నవ్వు వినలేదు. లొట్టిలోంచి కల్లు దిగుతున్నట్టు గుడగుడ మంది.

"బాలలక్ష్మీ!"

గోడలోంచి వచ్చింది గొంతు. "బాలలక్ష్మీ! అవ్వ మంచం మీద లేదు, కుర్సీల లేదు. యాడున్నది? తలుపు తీసినవా?" వెనుక హాల్లో పళ్ళాల చప్పుడు వినిపిస్తోంది. "అవ్వ పడ్తదే! చెప్తె అర్థమైతలేదా నీకు? రచనా! రచనా!"

"గోడల కొడుకు ఒర్రుతున్నడు," అంది కొమురమ్మ హన్మంతుతో, అది మామూలే అన్నట్టు.

రచన మెట్లు దిగి పరుగెత్తుకొచ్చింది. ఆ పిల్ల కోపంగా రాలేదు, భయపడి వచ్చింది. "బాపమ్మా, డాడీ తిడ్తడు. లోపలికి పోదాం." హన్మంతును చూసి నవ్వినట్టు నవ్వి, తలుపు మూసేసింది. ఎండ గీత పోయింది.

మంచం మీద పడుకోబెట్టి శాలువ కప్పబోతే కొమురమ్మ బాలలక్ష్మి మణికట్టు పట్టుకుంది. "మల్ల ఎప్పుడు?"

బాలలక్ష్మి కెమెరా వైపు చూడలేదు. "రేపు," అంది. రోజూ అనే మాటే. కానీ ఈసారి తన గొంతు తనకే వేరుగా వినిపించింది. "రేపు నిజంగనే తీస్త అవ్వా. వాకిట్లకే తీస్త. సంచి ఇసిరేస్తె ఇసిరెయ్యనీ. రుద్రంగిల నాయిన కట్టిన ఇల్లున్నది, సగం కప్పన్న ఉన్నది దానికి."

కొమురమ్మ చెయ్యి వదిలింది.

భాస్కర్, జమున ఇంకా రాలేదు. రచన మళ్ళీ మేడ మీదికి పోయింది. బాలలక్ష్మి మంచం పక్కన కింద కూర్చుంది. ఒళ్ళో పడిన శాలువ అంచును అలవాటుగా వేళ్ళ మధ్యకు తీసుకుంది. బీడీలా చుట్టింది, గోరుతో కొస మడిచి నొక్కింది, విప్పింది, మళ్ళీ చుట్టింది. ఏ బట్ట కొస దొరికినా ఆమె చేతులు చేసే పని అదే. కొమురమ్మ రోజూ అది చూసి అడుగుతుంది, "ఎన్ని కట్టలైనయే?" అని. "నాలుగు" అంటుంది బాలలక్ష్మి. "మంచిగ సుట్టు, లేకుంటే కార్ఖాన్ల ఇసిరి కొడ్తరు" అంటుంది కొమురమ్మ. వాళ్ళిద్దరికీ ఉన్న హాస్యం అదొక్కటే.

చుడుతూ ఉంది. గడియారం కొట్టుకుంటూ ఉంది. చాలాసేపటికి ఆమె చేతులు వాటంతట అవే ఆగాయి. కొమురమ్మ ఇంకా అడగలేదు.

తల ఎత్తి చూసింది. కొమురమ్మ తలుపు వైపుకు మొహం తిప్పి ఉంది. పెదవులు కొంచెం తెరుచుకుని ఉన్నాయి. ముక్కు దగ్గర చెయ్యి పెట్టి, చాలాసేపు అట్లాగే ఉంచింది బాలలక్ష్మి. తర్వాత లేచి, కళ్ళ మీద అరచెయ్యి జరిపి మూసింది. వేళ్ళు తగలనివ్వలేదు.

కెమెరా ముందుకు వెళ్ళి నిలబడింది. దానితో ఆమె తనంతట తాను ఎప్పుడూ మాట్లాడలేదు.

"సేటూ," అంది. "అవ్వ పోయింది."

గోడలోంచి ఒక మగవాడి ఏడుపు వచ్చింది.

పొద్దు వాలేసరికి ఇల్లు నిండిపోయింది. నలుగురు పట్టి కొమురమ్మను వాకిట్లోకి తీశారు. రెండు రెక్కల తలుపూ బార్లా తెరిచారు. మెట్ల కింద చాప పరిచి, వీధి వైపు కనబడేలా పడుకోబెట్టి, తలాపున దీపం పెట్టారు. పొద్దున కప్పిన శాలువే మళ్ళీ కప్పారు. వచ్చినవాళ్ళు కొత్త బట్టలు తెచ్చి దాని మీద పరుస్తున్నారు, దండలు వేస్తున్నారు, కాళ్ళు మొక్కుతున్నారు. హన్మంతు అవతలి గోడ దగ్గర కర్ర మీద గడ్డం ఆనించి నిలబడ్డాడు. భాస్కర్ తల్లి పాదాలు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. "ఎంత పైలంగ చూసుకున్ననే అవ్వా, ఎంత పైలంగ చూసుకున్న" అని అదే మాట మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. స్నానం చేయించడానికి చుట్టాల ఆడవాళ్ళు కొంగులు బిగించారు.

బాలలక్ష్మి లోపల గదిలో నిలబడి చూసింది. ఆ వీపు ఎక్కడ నొస్తుందో, ఏ పక్కకు తిప్పాలో చెప్పాలనిపించింది. ఇక ఎక్కడా నొప్పి లేదని గుర్తొచ్చింది. పీట ఎత్తి చంకలో పెట్టుకుంది. తలాపున పెడదామని గడప దాకా వచ్చింది.

జమున ఎదురొచ్చింది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం ఉబ్బిపోయింది.

"గా పాత పీట గిప్పుడెందుకే? లోపలవెట్టు."

"అవ్వదమ్మా. జర పక్కకు పెడ్త. గా తానం పోసేటప్పుడు నేను గూడ..."

"మావోళ్ళున్నరు గద. తలుపులు బార్లా ఉన్నయి, వచ్చేటోళ్ళు వస్తున్నరు, పోయేటోళ్ళు పోతున్నరు, ఎవలు ఎవలో ఎరుక లేదు. నువ్వు లోపల్నే ఉండు, ఇల్లు కనిపెట్టుకొని."

జమున తలుపు రెక్కలు రెండూ దగ్గరికి లాగింది. కావాలని చేసిందో, చెయ్యి అలవాటు కొద్దీ తిరిగిందో, బయట తాళం పడిన చప్పుడైంది. వాకిట్లో నీళ్ళు పోస్తున్న చప్పుడు, ఆడవాళ్ళ ఏడుపు తలుపుకు అవతల చిన్నవైపోయాయి. గడపకు ఇవతల, బాలలక్ష్మి చేతుల్లోంచి దించిన చోటే, మూడు కాళ్ళ మీద పీట ఉంది. దాని మధ్య గుంటలో, పొద్దున కొమురమ్మ ఒళ్ళోంచి రాలిన బంతిపూల రేక ఒకటి ఇంకా వాడకుండా అంటుకుని ఉంది.